నలభై ఐదు దాటాక టేపు మళ్లీ బయటికి తీయాలి

నడివయసు ఆడవాళ్లకు బట్టల విషయంలో దొరికే సలహాలు ఎక్కువగా రెండు రకాలు. వయసుకు తగ్గట్టు ఉండమని ఒకరంటారు. నిన్ను నువ్వు ప్రేమించుకో, ఏది వేసుకున్నా బాగుంటావని ఇంకొకరంటారు. మొదటి సలహా భయపెడుతుంది, రెండోది బుజ్జగిస్తుంది. కుర్తా మెడ ఎందుకు వెనక్కి జారుతోందో, చెయ్యెత్తితే చంక దగ్గర ఎందుకు పట్టేస్తోందో మాత్రం ఇద్దరూ చెప్పరు. నలభై ఐదు, యాభై ఏళ్ల వయసులో ధైర్యం తగ్గింది అనుకునే చాలామంది విషయంలో నిజంగా తప్పింది కొలత అని నా గట్టి నమ్మకం. ఒళ్లు మారింది, బట్టలు మాత్రం పదేళ్ల కిందటి ఒంటికే కుట్టి ఉన్నాయి. ఆ తేడా రోజంతా ఒరుసుకుంటూ ఉంటే మనిషి తప్పు తనలో వెతుక్కుంటుంది.

ఒరుసుకునే బట్ట చర్మంతో పాటు మనసునీ లాక్కుంటుంది. 1998లో అమెరికాలో బార్బరా ఫ్రెడ్రిక్సన్, ఆమె సహ పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరికి స్విమ్‌సూట్, కొందరికి స్వెటర్ ఇచ్చి, గదిలో ఒంటరిగా అద్దం ముందు వేసుకుని చూసుకోమన్నారు. ఆ బట్టలు ఒంటిమీద ఉండగానే లెక్కల పరీక్ష పెట్టారు. స్విమ్‌సూట్‌లో ఉన్న ఆడపిల్లలకు మార్కులు తగ్గాయి, మగపిల్లల్లో ఆ తేడా రాలేదు. వాళ్లంతా చిన్న వయసువాళ్లు కాబట్టి ఫలితాన్ని యథాతథంగా నడివయసుకు అంటించలేం. కానీ తన ఒళ్లు ఎలా కనబడుతోందో కాపలా కాసే పని బుర్రలో కొంత చోటు తినేస్తుందన్న సంగతి ఏ వయసు వాళ్లకైనా అర్థమయ్యేదే. మీటింగులో మాట్లాడుతూ నిమిషానికోసారి చొక్కా కిందికి లాక్కునే మనిషిని చూడండి. ఆ చెయ్యి ఖాళీగా ఉంటే ఆమె మాటకు ఇంకాస్త బలం ఉండేది.

ఇంతకీ ఏం మారుతుంది? నెలసరి పూర్తిగా ఆగడం ఎక్కువమందిలో 45, 55 ఏళ్ల మధ్య జరుగుతుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎగుడుదిగుడవుతూ తగ్గుతుంది. దాంతో కొవ్వు తొడలు, పిరుదుల దగ్గర చేరడం తగ్గి పొట్ట చుట్టూ చేరడం పెరుగుతుంది. తూకంలో మార్పేమీ లేకున్నా నడుము కొలత పెరగడం ఇందుకే. రొమ్ములో గ్రంథుల భాగం తగ్గి, పట్టి ఉంచే కణజాలం సాగుతుంది, ఛాతీ నిండు భాగం కిందికి దిగుతుంది. గంటల తరబడి ముందుకు వంగి పనిచేసిన భుజాలు ముందుకు తిరుగుతాయి, వీపు పైభాగం కాస్త గుండ్రమవుతుంది. పాదం వెడల్పవుతుంది, వంపు తగ్గి కొద్దిగా పొడవూ పెరగొచ్చు. భుజాల ఎముకల వెడల్పు మాత్రం పెరగదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే రెడీమేడ్ బట్టల తంటా సగం అర్థమైపోతుంది.

ఎందుకంటే రెడీమేడ్ సైజు పెంచినప్పుడు అన్నీ కలిపి పెంచుతారు. నడుము కోసం ఒక సైజు పైకి వెళితే మెడ, భుజాలు, చంక కూడా పెద్దవైపోతాయి. సైజుల చరిత్ర కూడా అంత గొప్పదేం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 15,000 మంది ఆడవాళ్ల కొలతలు తీయించి 1941లో ప్రచురించింది. దాని మీద ఆధారపడి 1958లో సైజుల ప్రమాణం ఒకటి తెచ్చారు, 1983లో దాన్నీ ఎత్తేశారు. ఆ తర్వాత ఏ కంపెనీ సైజు ఆ కంపెనీదే. లేబుల్ మీద అంకె పెరిగిందని బాధపడటంలో అర్థం లేదు. ఆ అంకె మీ ఒంటి గురించి ఏమీ చెప్పదు, ఆ కంపెనీ ఎవరి ఒంటిమీద నమూనా కత్తిరించిందో అది మాత్రమే చెబుతుంది.

కాబట్టి మొదటి పని కొలతలు. దానికీ ముందు ఒక పనుంది, దాన్ని చాలామంది దాటేస్తారు: బ్రా. సరిపోని బ్రా మీద తీసిన కొలతతో ఎంత మంచి టైలరు కుట్టినా లాభం లేదు. సరైనది వేసుకోగానే ఛాతీ నిండు భాగం అంగుళం దాకా పైకి లేవచ్చు, అప్పుడు డార్టు (ఛాతీ ఆకారం కోసం గుడ్డను ముక్కోణంగా మడిచి వేసే కుట్టు) మొన ఉండాల్సిన చోటే మారిపోతుంది. ఛాతీ కింద టేపు బిగుతుగా చుట్టి ఒక కొలత, నిండు భాగం మీద టేపు నొక్కకుండా చుట్టి ఇంకో కొలత తీయండి. మొదటిది 34 అంగుళాలు, రెండోది 38 అయితే తేడా 4. అంగుళం తేడాకు కప్పు ఎ, రెండుకు బి, మూడుకు సి, నాలుగుకు డి. అంటే 34 డి. చాలామంది డి అనే అక్షరం వినగానే అది తమది కాదనుకుని 38 బి కొనేస్తారు. 34 డి, 36 సి, 38 బి మూడింటి కప్పులో పట్టేది దాదాపు ఒక్కటే, ఛాతీ కింది పట్టీ పొడవే వేరు. 38 పట్టీ 34 ఒంటిమీద వీపు పైకి ఎక్కేస్తుంది, బరువంతా భుజాల మీది పట్టీలకు చేరుతుంది, భుజాల్లో గాట్లు పడతాయి. బరువు మోయాల్సింది ఛాతీ కింది పట్టీ. కొత్తది కొన్నప్పుడు చివరి హుక్కుకు, అంటే అన్నిటికన్నా లూజు దానికి సరిపోవాలి. సాగుతున్న కొద్దీ లోపలి హుక్కులకు వెళ్లొచ్చు. లోపలి హుక్కుకూ వదులైతే దాని పని అయిపోయినట్టే. కొలత తీసుకునేటప్పుడు ఒకవైపు రొమ్ములో కొత్తగా తేడా, గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు కనిపిస్తే బట్టల సంగతి పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఒంటి కొలతలు. భుజం చివరి నుంచి భుజం చివరి దాకా వెనకవైపు, చంకల కింద నుంచి పైఛాతీ చుట్టూ, నిండు ఛాతీ, నడుము, పొట్ట, సీటు, చెయ్యి పైభాగం చుట్టుకొలత, మెడ మూలం నుంచి నిండు ఛాతీ బిందువు దాకా పొడవు. నడుము, పొట్ట, సీటు కొలతలు నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి తీయండి. కూర్చున్నప్పుడు పెరిగేదే అసలు కొలత, ఎందుకంటే ప్యాంటు నడుం పట్టీ కోసేది అప్పుడే. పొట్ట లోపలికి పట్టి తీసిన కొలత ఎవరికీ పనికిరాదు. సాగని నేత గుడ్డకు నిండు ఛాతీ దగ్గర రెండు నుంచి మూడు అంగుళాల వదులు ఉండాలి. పైఛాతీకి, నిండు ఛాతీకి మధ్య తేడా రెండు అంగుళాలు దాటితే కుట్టించుకునేటప్పుడు భుజం, మెడ, చంక పైఛాతీ కొలత ప్రకారం కత్తిరించి, ఛాతీ దగ్గర మాత్రమే గుడ్డ ఎక్కువ ఇమ్మని అడగాలి. మొత్తాన్ని నిండు ఛాతీ లెక్కన కత్తిరిస్తే మెడ వదులై జారిపోతుంది.

వేసుకున్నాక బట్ట చెప్పే మాటలు చదవడం నేర్చుకోవాలి. బిగుతు గీతలు పట్టేస్తున్న చోటు వైపే చూపిస్తాయి. నిలువు మడతలు పడితే వెడల్పు ఎక్కువైనట్టు, అడ్డంగా మెత్తటి ముడతలు పోగైతే పొడవు ఎక్కువైనట్టు. పక్క కుట్టు నేలకు నిట్టనిలువుగా వేలాడాలి. అది ముందుకు లాగితే ముందు భాగంలో గుడ్డ చాలలేదు, పొట్టకు చోటు కావాలి. ముందు అంచు పైకి లేస్తే ఛాతీ దగ్గర పొడవు చాలలేదు. వెనక అంచు పైకి లేచి మెడ వెనక్కి లాగితే వీపు గుండ్రమైంది, వెనక పైభాగానికి అర అంగుళమో ముప్పావో పొడవు కలపాలి. భుజం కుట్టు భుజం నెత్తి మీద కాకుండా వెనక్కి జారి కనిపిస్తే భుజాలు ముందుకు తిరిగాయని అర్థం, కుట్టును అర అంగుళం ముందుకు జరపాలి. డార్టు మొన నిండు బిందువుకు అంగుళం ఇవతలే ఆగాలి. బిందువు కన్నా పైన ఆగితే అక్కడ ఖాళీ గుడ్డ బుంగలా లేస్తుంది, కింద పట్టేస్తుంది. పాత జాకెట్టో పాత చొక్కానో పెట్టి అదే కొలతకు కుట్టమంటే వచ్చే తప్పు సరిగ్గా ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది చంక. చెయ్యెత్తితే పట్టేస్తోందని చెప్పగానే టైలరు చంక కింద గుడ్డ ఇంకాస్త లోతుగా కోసేస్తాడు. అడిగినవాళ్లూ అదే కోరతారు. దాంతో పరిస్థితి ఇంకా పాడవుతుంది. చంక కిందికి దిగిన కొద్దీ చేతిగుడ్డ, ఒంటిగుడ్డ కలిసే చోటు నడుము వైపు వెళుతుంది, అందువల్ల చెయ్యెత్తితే మొత్తం బట్ట పైకి లేస్తుంది, పొట్ట బయటపడుతుంది. చంక ఎంత పైన, ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా కదులుతుంది. పట్టేయడానికి అసలు కారణం రెండు చోట్ల వెతకాలి. ఒకటి, చెయ్యి పైభాగం చుట్టుకొలత పెరిగి ఉంటుంది, అక్కడ సాగని గుడ్డకు కనీసం అంగుళంన్నర, రెండు అంగుళాల వదులు కావాలి. రెండు, వీపు వెడల్పు చాలదు. చేతులు ముందుకు చాచితే వీపు మీద అడ్డంగా గీతలు పడతాయి కాబట్టి ఇది ఇట్టే తెలిసిపోతుంది. టైలరు దగ్గర “చంక పెద్దది చెయ్యండి” అనే బదులు “చంక అలాగే ఉంచి చెయ్యి వెడల్పు పెంచండి, వీపులో పావు అంగుళం చొప్పున రెండు పక్కలా ఇవ్వండి” అని చెప్పి చూడండి. ఒకసారి కోసేసిన చంకను పైకి తేవడం కుదరదు, కింద ముక్క అతకడం ఒక్కటే దారి. అందుకే ఈ ఒక్క చోట తొందరపడొద్దు.

ఉన్న బట్టల్ని వదులు చేయించడంలో లెక్క తేలిక. రెండు పక్క కుట్ల లోపల అర అంగుళం చొప్పున వదలగలిగితే ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు అర అంగుళాలు, అంటే చుట్టుకొలతలో రెండు అంగుళాలు పెరుగుతుంది. కొత్తగా కుట్టించేటప్పుడు పక్క కుట్లలో అంగుళం గుడ్డ లోపల వదలమని అడగడం మర్చిపోకూడదు. పాత కుట్టు విప్పాక సూది రంధ్రాలు, రంగు వెలవని గీత కనబడే గుడ్డలుంటాయి. పట్టు, శాటిన్, ముదురు రంగు కాటన్ విప్పించే ముందు లోపల ఒక చిన్న చోట విప్పి చూడాలి. అంచు, చేతుల పొడవు, నడుము, పక్కలు సులువుగా మార్చొచ్చు. భుజం మార్చడం పెద్ద పని, చెయ్యి ఊడదీసి మళ్లీ ఎక్కించాలి. రెడీమేడ్ కొనేటప్పుడు భుజం కుట్టు అర అంగుళం కన్నా ఎక్కువ కిందికి జారితే, అది కావాలని అలా కుట్టిన డిజైను కాకపోతే, అక్కడే వదిలేసి రావడం మేలు.

పొట్ట కనబడకూడదని పెద్ద పెద్ద వదులు బట్టల్లోకి దిగిపోవడం చాలా మామూలు. ఆ భయం నాకర్థమవుతుంది, ఆ పద్ధతితో మాత్రం ఏకీభవించను. నిండు ఛాతీ మీంచి తిన్నగా వేలాడే గుడ్డ మనిషిని ఛాతీ ఎంత వెడల్పో కింది దాకా అంతే వెడల్పుగా చూపిస్తుంది. దాచాలనుకున్నది దాగదు సరికదా, లేనిది కూడా కలుస్తుంది. భుజం, పైఛాతీ, చంక దగ్గర సరిగ్గా ఒంటికి కూర్చుని, ఛాతీ కింద నుంచి డార్టులతోనో కుచ్చులతోనో వదులైతే పొట్టకు కావలసినంత చోటూ ఉంటుంది, మనిషి ఆకారమూ నిలుస్తుంది. గుడ్డ బరువు కూడా చూడాలి. చదరపు మీటరుకు 140, 150 గ్రాములుండే పల్చటి టీషర్టు గుడ్డ కింద ఉన్న ప్రతి అంచునూ చూపెడుతుంది. 200 గ్రాములు దాటిన అల్లిక గుడ్డ వేలాడుతుందే తప్ప అంటుకోదు. సాగే గుడ్డల్లో ఉండే ఎలాస్టేన్ వేడికి పాడవుతుంది కాబట్టి చల్లని నీళ్లలో ఉతికి, డ్రయ్యర్‌లో వేయకుండా ఆరేయాలి. లేదంటే కొన్నాళ్లకు మోకాళ్ల దగ్గర సంచుల్లా దిగిపోతుంది.

ఉన్నట్టుండి వేడి ఆవిర్లు కమ్మి చెమటలు పట్టే రోజుల్లో గుడ్డ ఎంపిక సౌకర్యానికే పరిమితం కాదు, పదిమందిలో నిలబడగలగడానికి సంబంధించినది. లినెన్ చెమట పీల్చి త్వరగా ఆరుతుంది. కాటన్ బాగా పీల్చినా ఆరడం నెమ్మది. పైన కాటన్ ఉండి లోపల పాలిస్టర్ లైనింగ్ వేస్తే ఫలితం సున్నా, కొనేముందు లోపలి లేబుల్ చదవాలి. లేత బూడిద రంగు, లేత నీలం మీద తడి మచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలుపు, బాగా ముదురు రంగులు, చిన్న చిన్న ప్రింట్లు దాన్ని దాచుతాయి. ముందు తెరుచుకునే పొర ఒకటి పైన ఉంటే తల మీంచి లాగే పని లేకుండా తీసేయొచ్చు.

రంగుల దగ్గరికి వస్తే, జుట్టు నెరవడం కన్నా దాని వెంట జరిగే ఇంకో మార్పు ముఖ్యం. జుట్టు, కనుబొమలు, పెదవులు లేతబడేసరికి ముఖంలో రంగుల మధ్య తేడా తగ్గుతుంది. ఇరవై ఏళ్లు కలిసొచ్చిన రంగు ఒక్కసారిగా ముఖాన్ని మింగేస్తున్నట్టు అనిపించడం అందుకే. పరీక్ష చాలా సులువు. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా, మేకప్ లేకుండా కూర్చుని, ఒక్కో గుడ్డను గడ్డం కింద పెట్టి చూడండి. గుడ్డ మీద పడ్డ వెలుతురు దాని రంగుతో సహా గడ్డం కిందికి తిరిగి వస్తుంది. కళ్ల కింది నీడ, నోటి పక్కల గీతలు ముదురుతున్నాయా, మెత్తబడుతున్నాయా గమనించండి. అదే చోట ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. ముందు ముఖం కనబడుతోందా, ముందు గుడ్డే కనబడుతోందా తేలిపోతుంది. నలుపు ఇష్టమైతే మానాల్సిన పనిలేదు. మెడ కాస్త తెరిచి ఉంచడం, మెడ దగ్గర లేత రంగు స్కార్ఫు, పెదవికి కొంచెం రంగు, వీటిలో ఏదో ఒకటి చాలు. దుకాణం దీపాల కింద చూసిన రంగును మాత్రం నమ్మకూడదు, తలుపు దాకా తీసుకెళ్లి చూడాలి.

నలభై దాటాక చాలామందికి చదవడానికి కళ్లజోడు వస్తుంది. దాన్ని మందుల ఖాతాలో వేసి, దొరికిన ఫ్రేము తగిలించుకుంటారు. ముఖం మీద ఉండే వస్తువు అది, చెవి కమ్మల కన్నా ముందు కనబడేది కూడా. ఫ్రేము వెడల్పు కణతల దగ్గర ముఖం వెడల్పుతో సరిపోవాలి, పై అంచు కనుబొమల గీతకు సమాంతరంగా నడవాలి, నవ్వితే బుగ్గలకు తగలకూడదు. ప్రోగ్రెసివ్ అద్దాలకు, అంటే దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో చూపించేవాటికి, ఎత్తు కావాలి. 30 మిల్లీమీటర్లైనా లేని సన్నటి ఫ్రేములో చదివే భాగానికి చోటు చాలక రోజంతా మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ “వయసుకు తగ్గట్టు” సంగతి. చేతుల్లేనిది వద్దు, ముదురు ఎరుపు వద్దు, జీన్సు వద్దు, జుట్టు పొడవు వద్దు అనే పట్టికలో ఒక్కదానికైనా బట్ట వైపు నుంచి కారణం దొరకదు. చేతుల్లేని బట్ట బాగాలేదంటే చాలాసార్లు చంక అంచు వదులై లోపలి బ్రా కనబడటం వల్లే, దాన్ని పావు అంగుళం లోపలికి పట్టిస్తే సరిపోతుంది. జీన్సు బాగాలేదంటే నడుం పట్టీ పొట్ట మధ్యలో కోయడం వల్ల, పట్టీ ఇంకాస్త పైకి, బొడ్డు దాకా వచ్చేది తీసుకుంటే ఆ గొడవే ఉండదు. అమెరికాలో ఐరిస్ ఆప్ఫెల్ అనే ఇంటీరియర్ డిజైనర్ బట్టలు, నగల మీద 2005లో మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన పెట్టినప్పుడు ఆమె వయసు 84. పెద్ద గుండ్రటి కళ్లజోడు, పొరలు పొరలుగా పూసల దండలు ఆమె గుర్తు. అందరూ అలా ఉండాలని కాదు. ఏ వయసులో ఏం వేయాలన్న పట్టిక ఎవరు రాశారో తెలియకుండా దానికి లొంగడం మాత్రం అన్యాయం. “ఈ వయసులో ఇదేంటి” అనేవాళ్లతో వాదన అక్కర్లేదు. “నాకు నచ్చింది” అని చెప్పి మాట మార్చేయొచ్చు. సంజాయిషీ మొదలుపెడితే చర్చ మీ బట్టల మీద నుంచి మీ మీదికి వస్తుంది.

చెప్పులు, బూట్ల కోసం పాదాలకు కొలత సాయంత్రం తీయాలి, అప్పటికి కొద్దిగా ఉబ్బి ఉంటాయి. నిలబడి, రెండు పాదాలూ కొలిచి పెద్దదానికి కొనాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు దాదాపు అర అంగుళం ఖాళీ ఉండాలి. మడమ కింది, వేళ్ల మొదట్లోని మెత్తదనం వయసుతో పల్చబడుతుంది కాబట్టి పల్చటి గట్టి అట్టలున్న చెప్పులు నొప్పి పుట్టిస్తాయి. నొప్పితో నడిచే మనిషి నడక మారుతుంది, నడక మారితే ఎంత బాగా కుట్టిన బట్టయినా వంకరగా వేలాడుతుంది.

చివరిగా, ఇంకా కుదురుకోని ఒంటి సంగతి. ఈ దశలో నడుము ఒకే నెలలో అంగుళం అటూ ఇటూ అవుతుంది, ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది. అలాంటప్పుడు ఖరీదైన, ఒంటికి అచ్చంగా కుట్టిన బట్టలు ఎక్కువ చేయించుకోవద్దు. నడుము దగ్గర చుట్టి కట్టుకునేవి, వెనకవైపు మాత్రమే ఎలాస్టిక్ ఉండి ముందు చదునుగా ఉండే ప్యాంట్లు, రెండు వరసల హుక్కులు పెట్టిన జాకెట్లు రెండు అంగుళాల తేడాను సులువుగా మోస్తాయి. సన్నబడ్డాక వేసుకుందామని ఉంచిన బట్టల్ని పారేయక్కర్లేదు గానీ రోజూ తెరిచే బీరువాలోంచి తీసి వేరే పెట్టెలో సర్దండి. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా ఇంట్లో రెండు గంటలు వేసుకుని తిరగండి: కూర్చోండి, వంగి నేల మీది వస్తువు తీయండి, పై అరలోది అందుకోండి. ఫోను ఛాతీ ఎత్తులో ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరాన పెట్టి టైమరుతో ముందు, పక్క, వెనక ఫొటోలు తీయండి. చెయ్యి చాచి తీసుకునే సెల్ఫీ దగ్గరిది పెద్దది చేసి చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ రెండు గంటల్లో చెయ్యి ఏ బట్టను ఎక్కడ సర్దిందో ఆ చోట పిన్నీసు గుచ్చి, టైలరు దగ్గరికి అలాగే తీసుకెళ్లండి.